టైమింగ్ గేర్ సెట్టు వేయించి రెండున్నరేళ్లు: ఐడ్లర్ బుష్ చేసిన పని

లారీ ఇంజన్‌లో క్రాంకు తిరుగుడును వాల్వులు తెరిచే క్యామ్‌కూ, డీజిల్ పంపుకూ అందించేవి టైమింగ్ గేర్లు. అప్పుడు ఆ గేర్లకు ఏమీ కాలేదు. నాలుగు రోజుల బాడుగ పోవడానికీ, ఘాటు మీద లోడు బండితో రెండు రాత్రులు పడుకోవడానికీ కారణం విడిగా కొన్న ఒక్క బుష్. అరచేతిలో పట్టే కంచు బుష్, గేరుకూ అది తిరిగే షాఫ్టుకూ మధ్య వేసే గొట్టం లాంటిది. దాని మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

మాది ఎర్రగుంట్ల పక్క. బండి పాతది, టెన్ టైర్, ఆరు సిలిండర్లు, ఇన్‌లైన్ డీజిల్ పంపు. పాలిష్ బండలు వేసుకుని కడప, రాయచోటి మీదుగా మదనపల్లె, అక్కడి నుంచి బెంగళూరు. ఐడిలింగ్‌లో ముందు కవరు లోపల గలగలమని మోత, రేస్ చేస్తే తగ్గేది. మిట్ట ఎక్కేటప్పుడు పుల్లింగ్ కూడా పడిపోయింది. పంపు విప్పి చూపించినా తేడా లేదు. మేస్త్రీ కవరు తీసి, ఐడ్లర్ గేరును (మిగతా గేర్ల మధ్య ఉండి తిరుగుడు అందించేది) రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూపించాడు. అది ఊగిన తీరు చూశాక ఇక మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు.

"అబ్బీ, గేర్లు నాలుగూ ఒక సెట్టు కొను. ఒకటి కొత్తది, ఒకటి అరిగింది కలిపితే కూస్తాది" అన్నాడు. క్రాంక్ గేరు, ఐడ్లర్, క్యామ్ గేరు, పంపు గేరు. కంపెనీ డబ్బాల్లో నాలుగూ తీసుకుంటే నా చేతిలో ఉన్న డబ్బు చాలదు. కడపలో ఒక షాపులో వేరే తయారీ సెట్టు దొరికింది. మోడల్ పేరు చెప్పి కొనొద్దు, ఇంజన్ నంబరు ప్లేటు ఫోటో తీసుకుని పొమ్మని మేస్త్రీ ముందే చెప్పాడు. మంచి పని చేశాడు, ఎందుకంటే అదే పేరుతో ఉన్న ఇంజన్లకు రెండు రకాల పంపు గేర్లు ఆ కౌంటరు మీదే కనిపించాయి.

సెట్టులో ఐడ్లర్ గేరుకు బుష్ లేదు. కంపెనీది అయితే గేరు, బుష్, షాఫ్టు ఒకే డబ్బాలో, బుష్ కొట్టి, రీమర్ వేసి (లోపలి బోరు సరిగ్గా కొలతకు చెక్కి) వస్తుంది. "విడిగా బుష్ ఇస్తాను, లేత్‌లో కొట్టించుకోండి" అన్నాడు షాపాయన. అలా ఆదా అయింది 1,800 రూపాయలు. షాఫ్టు పాతదే ఉంచేశాం.

పని అయిన రోజు నా సంతోషానికి హద్దు లేదు. స్టార్ట్ చేస్తే ముందు కవరు మీద చెయ్యి పెట్టినా మోత తెలియలేదు. తెలిసిన డ్రైవర్లందరికీ ఫోన్లు చేసి ఆ సెట్టు కొనుక్కోండని చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంచెం వెనక్కి తీసుకోవాలి.

22,000 కిలోమీటర్లు తిరిగింది. ఒక రాత్రి లోడుతో గువ్వలచెరువు ఘాటు ఎక్కి, పైన కోవా అంగళ్ల దగ్గర టీకి ఆపాను. ఇంజన్ ఆపబోతుంటే సన్నగా కూత వినిపించింది. పాత గలగల వేరు, ఇది వేరు. ఇనుము మీద ఇనుము రాసినట్టు. ఆయిల్ గేజి తీసి తెల్ల తువ్వాలు మీద తుడిచి, సెల్ లైటు వేసి చూశా. నల్లటి ఆయిల్‌లో పసుపు తళుకు. పొద్దున మేస్త్రీ వచ్చి కింద కొంచెం ఆయిల్ వదిలి అందులో అయస్కాంతం తిప్పాడు. దానికి ఏమీ అంటలేదు, తళుకు ఆయిల్‌లోనే ఉండిపోయింది. "ఇనుము కాదు, బుష్ పోతాండాది" అన్నాడు.

బండలు ఇంకో లారీలోకి మార్చడమంటే సగం పగలగొట్టుకోవడమే. అందుకని లోడు మీదే, రోడ్డు పక్క చింతచెట్టు కింద రేడియేటరు దించి కవరు విప్పాం. విప్పేటప్పుడు సంపు (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) ప్యాకింగు ముందు భాగం కవరుకు అంటుకుని చిరిగిపోయింది. ముందు కవరు సంపు మీద కూర్చునే ఇంజన్లలో ఇది మామూలే. మొదటిసారి షెడ్డులో కొని పెట్టుకున్నాం కాబట్టి తెలియలేదు. ఈసారి ఆ ఒక్క ప్యాకింగు కోసం ఒక రోజు పోయింది. కవరు తీసే పని పెట్టుకుంటే టైమింగ్ కవరు ప్యాకింగు, సంపు ప్యాకింగు, క్రాంక్ ఆయిల్ సీలు, రేడియేటరు గొట్టాలు ముందే బండిలో ఉండాలి.

బుష్ బయటికి తీసి చూస్తే లోపల ఆయిల్ పారే గాడి గోటికి కూడా తగలనంత పైపైనే ఉంది. బుష్‌ను గేరులోకి బిగువుగా కొడితే లోపలి బోరు కుంచించుకుపోతుంది, అప్పుడు షాఫ్టు కొలతకు రీమర్ వెయ్యాలి. లేత్‌లో వేసింది ఒక అంచున బిగువుగా, ఇంకో అంచున వదులుగా ఉంది. షాఫ్టు బిగువుగా ఉన్న వైపు నీలం తిరిగింది. ఆయిల్ షాఫ్టు రంధ్రం దాకా వచ్చింది, అక్కడి నుంచి పరుచుకోలేకపోయింది.

ఈసారి కంపెనీ ఐడ్లరు, షాఫ్టుతో సహా తెప్పించాను. బిగించే ముందు మేస్త్రీ గేరును షాఫ్టు మీద చేతిలో పెట్టుకుని, షాఫ్టు వెనక రంధ్రంలోకి ఆయిల్ క్యానుతో నొక్కాడు. బుష్ రెండు అంచుల నుంచీ ఆయిల్ చెమటలా ఊరింది. అంతే పరీక్ష. రెండు నిమిషాలు పట్టదు. మొదటిసారి ఇది చేసి ఉంటే నాకు ఘాటు మీద ఆ రాత్రులు ఉండేవి కావు. ఇంజన్ బ్లాకు వైపు రంధ్రం కూడా గాలి కొట్టి చూడాలి, షాఫ్టు తిప్పి బిగిస్తే ఆ రంధ్రం మూసుకుపోతుంది.

గేర్లు సరైన పళ్ల మీద కలవడానికి వాటి మీద పెట్టే మార్కుల దగ్గర నేను భయపడ్డ సంగతి కూడా చెప్పాలి. అన్ని గేర్ల మార్కులూ కలిపి బిగించి, క్రాంకు రెండు చుట్లు తిప్పితే ఐడ్లర్ మార్కు ఎక్కడో ఉంది. తప్పు పడిందనుకుని చెమటలు పట్టాయి. క్రాంకు రెండు చుట్లకు క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి ఆ రెండూ వాటి చోటికి వస్తాయి. ఐడ్లర్ పళ్ల లెక్క వేరు, దాని మార్కు మళ్లీ కలవాలంటే చాలా చుట్లు పడుతుంది. మేస్త్రీ దాన్ని పట్టించుకోకుండా ఫ్లైవీల్ మార్కు చూసి, ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో ఉన్నప్పుడు ఆరో సిలిండర్ వాల్వులు రెండూ ఊగుతున్నాయో (ఒకటి మూసుకుంటూ, ఇంకోటి తెరుచుకుంటూ) లేదో చూశాడు, అలా ఊగితే టైమింగ్ సరిగ్గా ఉన్నట్టే. ఊగుతున్నాయి. ఆ పాటికి నా ఊపిరి కుదుటపడింది.

అప్పటి నుంచి 1,30,000 కిలోమీటర్లు. ఐడ్లర్ చప్పుడు లేదు. మొన్న క్రాంక్ సీలు కోసం కవరు తీస్తే పంపు గేరు పళ్ల మీద సూదితో పొడిచినట్టు సన్న గుంటలు కనిపించాయి. క్యామ్ గేరు, క్రాంక్ గేరు మాత్రం బాగున్నాయి. సెట్టంతా బంగారం అని నేను అప్పట్లో చెప్పింది క్యామ్, క్రాంక్ గేర్ల వరకు నిజం.

నా బండి పాతది, ఇంకో మూడు నాలుగేళ్లు నడిస్తే చాలు. సొంత డ్రైవింగు, ఫైనాన్స్ కిస్తీ లేదు. అందుకని మళ్లీ పని వస్తే క్యామ్, క్రాంక్ గేర్లు అదే సెట్టువి తీసుకుంటాను, పంపు గేరు, ఐడ్లరు కంపెనీ డబ్బావే. నెలనెలా కిస్తీ కట్టే బండి, వారానికి నాలుగు ట్రిప్పులు తిరిగే బండి అయితే నాలుగూ కంపెనీవే మేలనిపిస్తుంది, ఒక్క రోజు నిలబడినా ఆ తేడా డబ్బు పోతుంది. కామన్ రైల్ (కంప్యూటరుతో డీజిల్ కొట్టే కొత్త రకం) బండ్లకు నా మాట పట్టుకోవద్దు, నేను చూసింది పంపు బండినే.