వీడియో ఖర్చుల షీట్: ఏడాది పైగా వాడాక

యర్రగుంట్ల దగ్గర మాది చిన్న బండల పాలిష్ యూనిట్. బెంగళూరు, చెన్నై పార్టీలకు పంపడానికి వీడియోలు తీయిస్తుంటాం. ఆ లెక్కలకు అందరి ఫోన్లలో తెరుచుకునే ఉచిత ఆన్‌లైన్ షీట్ పెట్టుకున్నాం. వరుసలు, గళ్ల సంగతి అందరికీ తెలిసిందే. నాకు తెగ నచ్చింది ఒక్కటే: ఎవరు పెట్టిన ఖర్చు వాళ్లే, పెట్టినచోటే రాసేస్తారు. ఇదివరకు షూటింగ్ అయిన వారానికి కెమెరా తమ్ముడు జేబులోంచి నలిగిన చీటీలు తీసేవాడు. ఏది డీజిల్‌దో, ఏది టిఫిన్‌దో దేవుడికెరుక.

ప్లానింగ్‌కూ పనికొచ్చింది. గండికోటలో రెండు షాట్లు తీద్దామని మావాడు పట్టుబట్టాడు. పురావస్తు శాఖ అనుమతి, దాని ఫీజు, రానుపోను బండి, భోజనాలు ఒక్కో వరుసగా ఎక్కించేసరికి వాడే వద్దన్నాడు. తడిపిన బండ మీద ఎండ పడితే తేలే నలుపు కంటే మాకు కావాల్సిన షాట్ ఏముంది!

అయితే పోయిన ఎండాకాలం ఇదే షీట్ గట్టి దెబ్బ కొట్టింది. అనుకున్నది 60 వేలు. షూటింగ్ అయ్యాక మొత్తం 47,500 చూపిస్తోంది. పన్నెండు వేలు మిగిలాయి కదా అని చెన్నై వాళ్ల కోసం 9,000 పెట్టి తమిళ డబ్బింగ్ కూడా చెప్పించాం. తీరా సెటిల్‌మెంట్ రోజు తమ్ముడు కాగితం మీద కూడితే డబ్బింగ్‌తో కలిపి 69,500. మాటామాటా పెరిగింది. "డ్రోన్‌ది, లెన్స్‌ది ఆ రోజే రాసినా కదన్నా, సూడు" అన్నాడు. నిజమే, రాశాడు. 8000/-, 5000/- అని, బిల్లు మీద రాసినట్టే. ఆ గీతల వల్ల షీట్ వాటిని అంకెలుగా కాక అక్షరాలుగా తీసుకుంది, కూడికలో వదిలేసింది. ఎర్ర రంగు లేదు, హెచ్చరిక లేదు. చూస్తే మిగతా అంకెలన్నీ గడిలో కుడివైపు ఉంటే, ఆ రెండే ఎడమవైపు అతుక్కుని ఉన్నాయి. 13 వేల తేడాకు కనిపించే గుర్తు అదొక్కటే.

తర్వాత మావాడు డేటా వాలిడేషన్‌లో, అంటే గడిలో ఏం రాయొచ్చో కట్టడి చేసే సెట్టింగ్‌లో, అంకెలు తప్ప ఇంకేం తీసుకోకుండా సెట్ చేశాడు. మళ్లీ ఆ తంటా రాలేదు.

ఇక, ఎవరి ఖర్చు వాళ్లు రాస్తారన్నానే, అదీ పూర్తిగా నిజం కాదు. మాటలు వినబడాలని కటింగ్ మిషన్ ఒక పూట ఆపితే పోయే పని ఎవరి ఖర్చు? ఎవరూ రాయరు. ఇప్పుడు దానికీ ఒక వరుస పెట్టి నేనే నింపుతున్నా. 18 శాతం జీఎస్‌టీ కూడా అంతే.

ఏడాదికి మూడు నాలుగు వీడియోలు, మనిషికో ఖర్చు కాబట్టి మాకు ఇదే నయం. ఒక్క వీడియోకి అంతా కలిపి ప్యాకేజీ మాట్లాడుకునేవాళ్లకు కొటేషన్ కాగితం వెనక రాసుకున్నా సరిపోతుంది.