మాడ్ వేస్తే గేమ్ మాడకుండా: మాడ్ ఆర్గనైజర్ 2తో నాలుగేళ్ళు

పోయిన నెల ఒక రాత్రి పదకొండున్నరకి మా బావమరిది వీడియో కాల్ చేశాడు. హలో లేదు, ఏమీ లేదు. ఫోన్ తిప్పి ల్యాప్‌టాప్ స్క్రీన్ చూపించాడు. స్కైరిమ్ గేమ్‌లో వైట్‌రన్ ఊరి కోట, అందులో ఆటగాడికి తోడుగా ఉండే లిడియా అనే పాత్ర నిలబడి ఉంది. ఒళ్ళంతా మామూలుగానే ఉంది. మెడ దగ్గర గీత గీసినట్టు ఆగి, ఆ పైన మొహమంతా బొగ్గు.

"బావా, ఏంటిది? మసి పూసినట్టుంది."

"కొత్తగా ఏం వేశావురా?"

"ఏం వెయ్యలేదు బావా, ఒట్టు. సార్ట్ బటన్ నొక్కానంతే."

ఆ ఒక్క ముక్కతో నాకు జబ్బేంటో తెలిసిపోయింది. నేనూ ఒకప్పుడు సరిగ్గా ఇదే పని చేసి రెండు రాత్రులు నిద్ర పాడు చేసుకున్నవాణ్ణే. లిడియాకి వైద్యం తర్వాత చెప్తాను. ముందు నేను గేమ్ మాడ్‌లని సర్దుకోడానికి నాలుగేళ్ళుగా వాడుతున్న ఈ మాడ్ ఆర్గనైజర్ 2 అనే సాఫ్ట్‌వేర్ సంగతి.

స్కైరిమ్ 2011 నవంబర్ 11న వచ్చింది. నేను ఆడేది 2016 అక్టోబర్‌లో వచ్చిన 64-బిట్ స్పెషల్ ఎడిషన్. ఇంత పాత గేమ్‌ని జనం ఇంకా ఆడుతున్నారంటే సగం పుణ్యం మాడ్‌లదే, అంటే గేమ్‌ని మార్చడానికి అభిమానులు చేసి పెట్టే ఫైళ్ళదే. చెట్లు మార్చేవి, మొహాలు మార్చేవి, మెనూలు మార్చేవి, కొత్త ఊళ్ళనే కట్టేసేవి. మొదట్లో నేను జిప్ విప్పి ఫైళ్ళన్నీ గేమ్ డేటా ఫోల్డర్‌లో పోసేసేవాణ్ణి. పది మాడ్‌లు పడేసరికి ఏ ఫైల్ ఎవరిదో తెలిసేది కాదు. ఒకదాన్ని తీసెయ్యాలంటే గేమ్ మొత్తం తీసేసి మళ్ళీ దించుకోవడమే దారి.

మాడ్ ఆర్గనైజర్ ఆ ఫోల్డర్‌ని ముట్టుకోదు. అద్దె ఇంట్లో ఓనరు గోడకి మేకు కొట్టనివ్వడు కదా, ఒక్క మేకు కొట్టకుండా ఇల్లంతా అలంకరించినట్టుంటుంది దీని పని. ఒక్కో మాడ్ దాని ఫోల్డర్‌లో అది ఉంటుంది. మనం గేమ్ మొదలుపెట్టినప్పుడు అవన్నీ డేటా ఫోల్డర్‌లోనే ఉన్నట్టు గేమ్‌కి చూపిస్తుంది. గేమ్ మూసెయ్యగానే గోడలు ఎప్పటిలాగే ఖాళీ. ఎడమ పక్క మాడ్ పేరు ముందున్న టిక్ తీసేస్తే ఆ మాడ్ లేనట్టే. నాకు ఇందులో నచ్చినవాటిలో మొదటిది ఇదే. నా గేమ్‌ని ఇది ఎప్పుడూ బాగు చెయ్యలేదు, కానీ నేను చేసిన తప్పుని విడిగా పట్టుకుని వెనక్కి తీసుకునే వీలిచ్చింది.

ఈ గోడల సంగతి అర్థం కాకే మొదటి మూడు రోజులు తిప్పలు పడ్డాను. ముప్పై మాడ్‌లు వేసి, గేమ్‌లు కొని నడిపే స్టీమ్ యాప్‌లో ఆకుపచ్చ ప్లే బటన్ నొక్కాను. గేమ్ కడిగిన ముత్యంలా పాతదే వచ్చింది. మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాను, మళ్ళీ అదే. గేమ్‌ని మాడ్ ఆర్గనైజర్ లోపలి నుంచే నడపాలని, బయటినుంచి నడిపితే దానికి మాడ్‌లు కనిపించవని అప్పటికి తెలియదు. తెలిశాక లోపలి నుంచే నడిపాను. ఈసారి మెనూలు మార్చే స్కైయూఐ మాడ్ స్క్రీన్ మీద ఎర్రర్ కోడ్ 1 చూపించింది: చాలా మాడ్‌లకి ఆధారమైన స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ (ఎస్‌కేఎస్ఈ) నడవడం లేదట! కుడి పక్క పైన రన్ బటన్ దగ్గరుండే జాబితాలో గేమ్ పేరు ఎంచుకున్నాను. ఎంచుకోవాల్సింది దాన్ని గేమ్‌తో కలిపి నడిపే ఎస్‌కేఎస్ఈ లోడర్‌ని. ఆ ఒక్క మార్పుతో అంతా దారికొచ్చింది. గేమ్‌లో కన్సోల్ (ఆదేశాలు టైప్ చేసే పెట్టె) తెరిచి గెట్‌ఎస్‌కేఎస్ఈవెర్షన్ అని కొడితే నంబరు రావాలి. అది రాకపోతే మిగతా ఏ మాడ్‌నీ అనుమానించకండి.

ఇక లిడియా.

ఈ సాఫ్ట్‌వేర్ తెరిస్తే రెండు జాబితాలు కనిపిస్తాయి. ఎడమ పక్కది మాడ్‌ల వరుస. ఒకే పేరుతో రెండు మాడ్‌లలో ఫైల్ ఉంటే కింద ఉన్నవాడి ఫైలే గెలుస్తుంది. కుడి పక్కది ప్లగిన్‌ల వరుస, అంటే గేమ్‌లో ఏది ఎలా ఉండాలో వివరాలు రాసి ఉండే ఈఎస్‌పీ, ఈఎస్ఎమ్ ఫైళ్ళు. అక్కడా కింద ఉన్నవాడిదే మాట. చిక్కేంటంటే ఈ రెండు వరుసలకీ సంబంధం లేదు. ఒకటి మారితే రెండోది మారదు. మొహం తయారవ్వాలంటే మాత్రం రెండూ ఒకే మాట మీద ఉండాలి. ముక్కు ఎంత, రంగు ఏది అనే వివరం ప్లగిన్‌లో ఉంటుంది. ఆ వివరం ప్రకారం ముందే చేసి పెట్టిన తల బొమ్మ ఎడమ పక్క ఫైళ్ళలో ఉంటుంది. వివరం ఒక మాడ్‌ది, తల ఇంకో మాడ్‌ది అయితే గేమ్‌కి లెక్క కుదరక మొహం నల్లగా పడుతుంది.

బావమరిది లిడియాని మార్చే మాడ్‌లు రెండు వేశాడు. రెండూ నచ్చాయట, తీసెయ్యడానికి మనసొప్పలేదట. ప్లగిన్‌లని దానంతటదే వరుస పెట్టే ఆ సార్ట్ బటన్ నొక్కగానే కుడి పక్క వరుస మారిపోయింది, ఎడమ పక్కది కదల్లేదు. ఫోన్‌లోనే వాడిచేత చేయించాను. కుడి పక్క డేటా ట్యాబ్ తెరిచి మెషెస్, యాక్టర్స్, క్యారెక్టర్, ఫేస్‌జెన్‌డేటా, ఫేస్‌జియమ్, స్కైరిమ్ ఈఎస్ఎమ్ ఇలా ఒక్కో ఫోల్డర్‌లోకి దిగాలి. లోపల వందల ఫైళ్ళు, అన్నీ అంకెల పేర్లే. లిడియాది 000ఏ2సీ8ఈ. దాని పక్కన ఆ ఫైల్ ఏ మాడ్‌దో రాసి ఉంటుంది. అక్కడ ఒక మాడ్ పేరు, ప్లగిన్ వరుసలో కింద ఇంకో మాడ్ పేరు. "దొరికాడు బావా దొంగ," అన్నాడు. ఎడమ పక్క సరైన మాడ్‌ని కిందికి లాగితే మొహం తేటపడింది. మొత్తం మాడ్‌ని కదపడం ఇష్టం లేకపోతే ఆ ఒక్క ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి హైడ్ కొట్టినా చాలు, పేరు చివర డాట్ ఎమ్‌ఓహిడెన్ తగిలించి పక్కన పెడుతుంది. నిజానికి వాడు నేర్చుకోవాల్సింది సార్ట్ నొక్కకపోవడం కాదు, నొక్కాక ఎడమ పక్క కూడా ఓసారి చూసుకోవడం. మాడ్ పేరు పక్కన మెరుపు గుర్తులుంటాయి: ప్లస్ ఉంటే ఇది ఎవరినో కప్పేస్తోంది, మైనస్ ఉంటే దీన్ని ఎవరో కప్పేస్తున్నారు. రెండూ మామూలే. ఎవరు ఎవర్ని కప్పుతున్నారో మనకి తెలిసుంటే చాలు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది మాత్రం ఎడమ జాబితాలో అట్టడుగున ఉండే ఓవర్‌రైట్ ఫోల్డర్. గేమ్ గానీ వేరే టూల్స్ గానీ కొత్తగా పుట్టించే ఫైళ్ళన్నీ అందులో పడతాయి. ఇంట్లో ఎక్కడ పెట్టాలో తెలియనివన్నీ పడేసే అటక లాంటిదన్నమాట. నెమెసిస్ అనే యానిమేషన్‌ల టూల్ ఒకటి వాడేవాణ్ణి, దాని అవుట్‌పుట్ అంతా ఈ అటక మీదే. ఓ రోజు నచ్చలేదని ఒక యానిమేషన్ మాడ్ టిక్ తీసేశాను, టూల్ మళ్ళీ నడపలేదు. గేమ్ తెరిస్తే ఊరి నడిబొడ్డున జనం పొలంలో దిష్టిబొమ్మల్లా చేతులు చాచి నిలబడ్డారు! కమ్మరివాడు చేతులు చాచే ఉన్నాడు, కాపలావాడు చేతులు చాచే జారుకుంటూ పోతున్నాడు. తీసేసిన యానిమేషన్‌ల పేర్లు అటక మీది పాత ఫైళ్ళలో ఇంకా ఉన్నాయి, ఫైళ్ళేమో లేవు. టూల్ మళ్ళీ నడిపితే అయిదు నిమిషాల పని. అది తెలిసేలోపు నేను ఏ పాపం ఎరగని అస్థిపంజరం మాడ్‌ని నాలుగుసార్లు మళ్ళీ వేశాను. అప్పటినుంచి ఓవర్‌రైట్‌లో ఏదైనా పడితే రైట్ క్లిక్ చేసి దాన్నొక మాడ్‌గా చేసి పేరు పెడుతున్నాను. 'నెమెసిస్ అవుట్‌పుట్' అని పేరుంటే అది ఎవరిదో ఆరు నెలల తర్వాత కూడా తెలుస్తుంది.

క్రాష్‌ల విషయానికొస్తే, మెనూ రాకముందే గేమ్ చచ్చిపోతే ముందు కుడి పక్క ప్లగిన్‌లలో హెచ్చరిక గుర్తు ఉందేమో చూడండి. దాని మీద మౌస్ పెడితే ఆ ప్లగిన్ ఆధారపడే ఏ మాస్టర్ ఫైల్ లేదో పేరుతో సహా చెప్తుంది. నా విషయంలో పదిలో ఏడుసార్లు అదే. పూర్తి ప్లగిన్‌లు 254 దాటకూడదు, తేలికపాటి ఈఎస్ఎల్ రకానికి ఆ లెక్క వేరు. వస్తువులు ఊదారంగులో మెరిస్తే టెక్స్చర్ (పైపూత బొమ్మ) దొరకలేదని, ఎర్ర త్రికోణంలో ఆశ్చర్యార్థకం కనిపిస్తే మెష్ (ఆకారం) దొరకలేదని అర్థం. ఇవి సులువు.

కష్టమైనవి ఆడుతుండగా వచ్చేవి. వైట్‌రన్ గుర్రపుశాల దగ్గరికి రాగానే ప్రతిసారీ గేమ్ మూసుకుపోయేది. అప్పటికి నా దగ్గర రెండొందల మాడ్‌లున్నాయి. సగం తీసి చూడటం, పాడైన సగంలో మళ్ళీ సగం తీసి చూడటం, ఇలా ఎనిమిది విడతల్లో ఒకటి తేలాలి. లెక్క ప్రకారం బాగానే ఉంది. కానీ ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డ మాడ్‌లని సగానికి కోస్తే కొత్త క్రాష్‌లు పుట్టాయి, కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. అప్పుడు క్రాష్ వివరాలు రాసిపెట్టే క్రాష్ లాగర్ అనే చిన్న మాడ్ వేశాను. డాక్యుమెంట్స్‌లో మై గేమ్స్ లోపల గేమ్ పేరుతో ఫోల్డర్, అందులో ఎస్‌కేఎస్ఈ ఫోల్డర్, అక్కడ లాగ్ పడింది. నాకు అర్థమయ్యే పదం అందులో ఒక్కటే: ఒక చెట్టు నిఫ్ ఫైల్ (మెష్ ఫైల్) పేరు. డేటా ట్యాబ్‌లో వెతికితే దాని యజమాని దొరికాడు. ఆ ఒక్కణ్ణి తీసేస్తే గుర్రపుశాల దాటాను. ఇలాంటి పరీక్షలకి ప్రొఫైల్ (మాడ్‌ల ఎంపిక, వరుస) విడిగా పెట్టుకోండి. సేవ్‌లు ప్రొఫైల్‌కి వేరుగా ఉంచే ఆప్షన్ కూడా ఉంది, అసలు ఆట చెడదు. స్క్రిప్ట్‌లున్న మాడ్‌ని మాత్రం ఆట మధ్యలో తీసేసి అదే సేవ్‌తో కొనసాగించకండి. ఆ స్క్రిప్ట్‌ల తాలూకు అవశేషాలు సేవ్‌లో ఉండిపోతాయి, ఏ మేనేజరూ వాటిని కడగలేదు.

2021 నవంబర్‌లో యానివర్సరీ అప్‌డేట్ వచ్చినప్పుడు గేమ్ వెర్షన్ 1.5.97 నుంచి 1.6కి ఒక్కసారిగా మారింది. స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ మీద ఆధారపడ్డ డీఎల్ఎల్ మాడ్‌లన్నీ రాత్రికి రాత్రి మూలపడ్డాయి. ఇందులో మాడ్ ఆర్గనైజర్ చెయ్యగలిగేదేమీ లేదు. గేమ్ వెర్షన్, ఎస్‌కేఎస్ఈ వెర్షన్, ఆ డీఎల్ఎల్ మాడ్‌లు వాడే అడ్రస్ లైబ్రరీ వెర్షన్, ఈ మూడూ కలవాలి. స్టీమ్‌లో ఈ గేమ్‌కి 'నేను మొదలుపెట్టినప్పుడే అప్‌డేట్ చెయ్యి' అన్న సెట్టింగ్ పెట్టుకుని, ఎప్పుడూ ఎస్‌కేఎస్ఈ ద్వారానే తెరుస్తున్నాను.

నచ్చనివీ ఉన్నాయి. ఇది డేటా ఫోల్డర్ వరకే మాయ చేస్తుంది. ఎస్‌కేఎస్ఈ లోడర్, గ్రాఫిక్స్ మార్చే ఈఎన్‌బీ లాంటివి గేమ్ అసలు ఫోల్డర్‌లో చేత్తోనే పెట్టాలి, తీసేటప్పుడు గుర్తుంచుకుని తియ్యాలి. ప్లగిన్‌లు శుభ్రం చేసే టూల్ అయినా, వరుస పెట్టే టూల్ అయినా, దీని లోపలి నుంచే నడపాలి. మర్చిపోయి బయట తెరిస్తే వాటికి మాడ్‌లు కనపడవు. నా ల్యాప్‌టాప్‌లో అప్పుడున్న యాంటీవైరస్ దీని డీఎల్ఎల్ ఒకదాన్ని దొంగ అనుకుని బంధించింది, మినహాయింపు ఇచ్చేదాకా గేమ్ తెరుచుకోలేదు. గేమ్‌ని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉంచకండి, అనుమతుల గొడవ.

దీన్ని మొదట రాసిన టానిన్ అనే ప్రోగ్రామర్ తర్వాత వోర్టెక్స్ అనే ఇంకో మాడ్ మేనేజర్ పని మీదికి వెళ్ళాడు, ఇది అభిమానుల చేతుల్లో సాగుతోంది, ఉచితం. వోర్టెక్స్ కూడా రెండు నెలలు వాడాను. అది హార్డ్ లింకులతో (ఒకే ఫైల్ రెండు చోట్ల కనిపించేలా చేసే పద్ధతి) మాడ్‌లని గేమ్ ఫోల్డర్‌లోకి చేరుస్తుంది కాబట్టి గేమ్‌ని ఎక్కడినుంచి తెరిచినా మాడ్‌లు వస్తాయి. ముప్పై మాడ్‌లతో సరిపెట్టుకునేవాళ్ళకి అదే హాయి. వంద దాటేవాళ్ళకి, ఏ ఫైల్ ఎవరిదని తవ్వుకునేవాళ్ళకి నేను మాడ్ ఆర్గనైజరే చెప్తాను.

లిడియా మొహం బాగయ్యాక బావమరిది రెండు రోజులు మాట్లాడలేదు, అంటే ఆడుకుంటున్నాడని. మూడో రోజు మెసేజ్: "బావా, చిన్న డౌటు." చూస్తే ఊరంతా చేతులు చాచిన దిష్టిబొమ్మలు. ఓవర్‌రైట్‌లో ఏముందిరా అని అడిగితే, "అదెక్కడుంటుంది?" అన్నాడు. ఆదివారం మళ్ళీ కూర్చోవాలి. స్టీమ్ అప్‌డేట్ సెట్టింగ్ కూడా అప్పుడే మార్పించాలి, వాడు ఇంకా మార్చలేదట.