పోడు పట్టానా, ఊరుమ్మడి అడవి హక్కా: ఏది మేలు?

అటవీ హక్కుల చట్టం అనగానే మన దగ్గర అందరికీ పోడు పట్టానే గుర్తొస్తుంది. 2006లో వచ్చిన ఆ చట్టంలోనే ఇంకో హక్కు కూడా ఉంది. దున్నుకునే భూమి ఒక్కదానికే కాదు, ఊరు తరతరాలుగా వాడుకుంటున్న అడవి మొత్తాన్ని కాపాడుకుని, వాడుకునే హక్కు గ్రామసభకు వస్తుంది, అదే ఊరుమ్మడి హక్కు. దాని గురించి నాయకులు పెద్దగా మాట్లాడరు, ఇంటింటికీ పంచి ఫోటో దిగే సరుకు కాదు కదా.

ముందు పట్టా సంగతి చూద్దాం. 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి గిరిజనుల సాగులో ఉన్న భూమికి, 4 హెక్టార్లకు మించకుండా, అంటే దాదాపు పదెకరాల వరకు, భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఇస్తారు. అమ్మడానికి లేదు, పిల్లలకు మాత్రం వస్తుంది. దాని విలువ తెలియాలంటే అది లేనివాళ్లను అడగాలి. తొలకరి పడి అరక కట్టే టైముకు ఫారెస్టోళ్లు వచ్చి కందకం కొడతారో, విత్తిన చేలో మొక్కలు నాటిపోతారో అని ప్రతి ఏడూ టెన్షనే. పట్టా చేతికొస్తే ఆ భయం చాలావరకు పోతుంది, రైతులకొచ్చే పెట్టుబడి సాయమూ అందుతుంది.

కానీ దానికీ ఇబ్బందులున్నాయి. తెలంగాణలో 2023 జూన్‌లో ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి లక్షన్నర మందికి పైగా, సుమారు 4.06 లక్షల ఎకరాలకు పట్టాలిచ్చారు. భాగిస్తే మనిషికి మూడెకరాలు కూడా పడలేదు. రేపు ముగ్గురు కొడుకులు పంచుకుంటే తలా ఎకరం లోపే. పైగా రిజర్వు ఫారెస్టు భూమికి కంపార్ట్‌మెంట్ నంబరే కానీ సర్వే నంబరు ఉండదు, బ్యాంకుకు పోతే కౌంటరులో ఆయన ముందు అదే అడుగుతాడు.

ఇక ఊరుమ్మడి హక్కు. ప్రాణహిత దాటితే వచ్చే గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే గోండుల ఊరుంది. 2009లో ఆ ఊరికి దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద హక్కు వచ్చింది. అయినా వెదురు బయటికి తీసుకెళ్లే పర్మిట్ పుస్తకం కోసం కొట్లాడాల్సి వచ్చింది, 2011లో అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేష్ ఆ ఊరికే వచ్చిన సభలో అది చేతికందింది. అప్పటి నుంచి వెదురు కొట్టేదీ, బేరం కుదిర్చేదీ గ్రామసభే. మన వైపు తునికాకు చూడండి. ఆడవాళ్లు తెల్లారకముందే అడవికి పోయి ఆకు కోసుకొచ్చి, యాభై ఆకులకో కట్ట కట్టి, కల్లంలో అప్పగించి కట్టకింత అని కూలి తీసుకుంటారు. తర్వాత బోనస్ అంటారు, దానికోసం ఎదురుచూపులు. తునికాకు, వెదురు, తేనె, చింతపండు ఏరుకునేవాళ్ల సొంతమని చట్టంలో రాసి ఉన్నాక ఈ కూలి లెక్క ఏంటో నాకైతే అర్థం కాదు.

ఈ హక్కు వారసుల మధ్య ముక్కలు కాదు, అది పెద్ద లాభం. నష్టమల్లా ఒక్కటే, గ్రామసభ గట్టిగా ఉండాలి. సగం మంది హాజరు కావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి, డబ్బు వచ్చాక లెక్క అందరి ముందూ చదవాలి. ఇద్దరు పెద్దమనుషులు కాంట్రాక్టరు దగ్గర అడ్వాన్సు పట్టారంటే ఊరి అడవి వాళ్ల జేబులోకి పోయినట్టే.

నన్నడిగితే, కందకాల భయం ఉన్నచోట ముందు పట్టా, అందులో సందేహం లేదు. కానీ పట్టాలు పంచగానే, ఊళ్లో దరఖాస్తులు చూసే అటవీ హక్కుల కమిటీ పని అయిపోయిందని ఇంటికి పోతేనే అసలు నష్టం. చేను కొలిచి ఇచ్చాక ఆ గట్టు అవతలిదంతా మళ్లీ డిపార్ట్‌మెంటుదే అన్నట్టు నడుస్తుంది. వెదురు, తునికాకు మీద బతికే గూడెమైతే, సాగు కంటే అడవి ఆదాయమే ఎక్కువైతే, పట్టా కోసం పెట్టే ఫారం-ఏ తోపాటే ఊరుమ్మడి హక్కు కోసం ఫారం-సి కూడా పెట్టేయాలి.

ఆఫీసులో "మీకు వీఎస్ఎస్ (వన సంరక్షణ సమితి) ఉందిగా, ఇంకేం కావాలి" అని సర్ది చెబితే వినొద్దు. వన సంరక్షణ సమితులు 90ల్లో ప్రభుత్వ ఉత్తర్వుతో పెట్టినవి, వాటి పగ్గాలు డిపార్ట్‌మెంటు చేతిలోనే ఉండేవి. ఉమ్మడి రాష్ట్రంలో కొన్నిచోట్ల సామూహిక పట్టాలు కూడా గ్రామసభకు కాకుండా వీఎస్ఎస్‌ల పేరు మీదే రాసిచ్చారు. మీ ఊరికి ఎప్పుడో వచ్చేసిందని ఎవరైనా అంటే ఆ కాగితం తెప్పించి ఎవరి పేరుందో చదవండి. వీఎస్ఎస్ అని ఉంటే గ్రామసభ పెట్టి, తీర్మానం రాసి, ఫారం-సి మళ్లీ మొదటి నుంచి నింపాల్సిందే.