కలగలుపు బెల్టుల ప్యాకెట్: పాత బూమ్‌బాక్స్‌ను బాగుచేసుకునే కొత్తవారికి ఎంతవరకు పనికొస్తుంది?

పాత బూమ్‌బాక్స్‌ను (రేడియో, క్యాసెట్ ప్లేయర్, స్పీకర్లు ఒకే పెట్టెలో ఉండే యంత్రాన్ని) బాగుచేయడానికి పూనుకున్నవారు అందరికంటే ముందు కొనే విడిభాగం సాధారణంగా రబ్బరు బెల్టే. రేడియో చక్కగా పలుకుతూ, క్యాసెట్ మీట నొక్కినప్పుడు మాత్రం మోటారు తిరిగే సన్నని చప్పుడు తప్ప రీళ్లలో కదలిక లేకపోతే, లోపం చాలావరకు బెల్టులోనే ఉంటుంది. 1963లో ఫిలిప్స్ సంస్థ కాంపాక్ట్ క్యాసెట్‌ను ప్రవేశపెట్టింది. ఆ తరువాత 1970ల చివరి నుంచి 1980ల దాకా జేవీసీ, షార్ప్, సాన్యో, పానసోనిక్ వంటి జపాన్ సంస్థలు తయారుచేసిన పెద్ద స్టీరియో యంత్రాలలో దాదాపు అన్నింటిలోనూ మోటారు శక్తిని ఫ్లైవీల్‌కు (టేపు వేగాన్ని నిలకడగా ఉంచే బరువైన చక్రానికి), రీళ్లకు చేరవేసేది ఈ బెల్టులే. నలభై ఏళ్ల వయసులో అవి సాగిపోవడమో, బిరుసెక్కి తెగిపోవడమో, కరిగి జిగురుగా మారడమో తప్పదు.

ఈ అవసరాన్ని తీర్చడానికి రకరకాల కొలతల బెల్టులను ఒకే సంచిలో వేసి అమ్మే కలగలుపు ప్యాకెట్లు దొరుకుతున్నాయి. ఒకే క్యాసెట్ గూడు ఉన్న స్టీరియో బూమ్‌బాక్స్‌ను బాగుచేయడానికి అలాంటి ప్యాకెట్‌ను నేను వాడి చూశాను. ఈ వ్యాపకంలో చాలాకాలంగా ఉన్న కొందరు ఔత్సాహికులు అడుగడుగునా నాకు తోడున్నారు. ఈ ప్యాకెట్ మంచిచెడ్డలు తెలుసుకోవడానికి కూడా వారు నేర్పిన పద్ధతులే ఆధారం.

నేను కొన్న ప్యాకెట్‌లో ఉన్నవన్నీ నలుచదరపు బెల్టులే, అంటే అడ్డంగా కోసి చూస్తే చదరంగా కనిపించేవి. కవరు మీద తయారీదారు పేరు లేదు. ఏ కొలతకు ఏ బెల్టు అన్నదానికి పట్టిక లేదు. కొన్ని అంకెలు మాత్రం ముద్రించి ఉన్నాయి. ఆ అంకెలు దేనివో చెప్పకపోవడం ఈ సరుకులోని పెద్ద లోపం. బెల్టుల వ్యాపారంలో కొందరు చుట్టుకొలతను, కొందరు వ్యాసాన్ని, ఇంకొందరు బెల్టును రెండు వరుసలుగా మడిచి చదును చేసినప్పటి పొడవును కొలతగా ఇస్తారు. కవరు మీద 70 మి.మీ. అని ఉంటే, అది మడత పొడవైతే చుట్టుకొలత 140 మి.మీ. అవుతుంది, వ్యాసమైతే దాదాపు 220 మి.మీ. అవుతుంది. ఈ తేడా తెలియకుండా కొన్న కొత్తవారు బెల్టు సరిపోక, యంత్రమే పాడైందని నిరాశపడి పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది. కాబట్టి ప్యాకెట్ రాగానే ప్రతి బెల్టునూ మడిచి స్కేలు మీద కొలిచి, ఆ కొలతను రెట్టింపు చేసి, చుట్టుకొలతను కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచిది.

యంత్రానికి ఎంత బెల్టు కావాలో తేల్చుకోవడం రెండో పని. పాత బెల్టు దొరికినా దాని పొడవును నమ్మకూడదు, ఎందుకంటే అది ఇన్నేళ్లలో సాగి ఉంటుంది. మోటారు పుల్లీ (మోటారు ఇరుసుకు ఉండే చిన్న గాడి చక్రం) మీదుగా, ఫ్లైవీల్ చుట్టూ, దారిలో ఇంకేవైనా చక్రాలు ఉంటే వాటి మీదుగా కూడా దారాన్ని బెల్టు నడిచే దారిలోనే చుట్టి, దాని పొడవును కొలవాలని ఔత్సాహికులు చెప్పారు. ఆ పొడవుకంటే కొత్త బెల్టు సుమారు 5 శాతం తక్కువగా ఉండాలి. దారం కొలత 210 మి.మీ. వస్తే 200 మి.మీ. చుట్టుకొలత గల బెల్టు సరిపోతుంది. అంతకంటే బిగువైతే మోటారు బేరింగుల మీద భారం పడి అవి త్వరగా అరుగుతాయి. వదులైతే పుల్లీ మీద జారి పాట సాగదీసినట్టు వినిపిస్తుంది. ఈ లెక్క ప్రకారం చూసినప్పుడు నా యంత్రపు ముఖ్యమైన బెల్టుకు ప్యాకెట్‌లో సరైన జోడు దొరికింది. టేపు ఎంత నడిచిందో చూపే కౌంటర్ అంకెలను తిప్పే చిన్న బెల్టుకు కూడా దొరికింది.

బెల్టు మార్చడానికి యంత్రాన్ని విప్పే పని గురించి కొంత వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే ప్యాకెట్ అమ్మేవారు ఈ విషయంలో ఒక్క మాటా చెప్పరు. ముందుగా కరెంటు తీగను తీసేయాలి, బ్యాటరీలను బయటికి తీయాలి. వెనుక మూత స్క్రూలలో ఒకటో రెండో బ్యాటరీ గదిలో దాగి ఉండవచ్చు. చాలా యంత్రాలలో విప్పవలసిన స్క్రూల పక్కన ప్లాస్టిక్ మీదే చిన్న బాణపు గుర్తులు ఉంటాయి. ప్రతి దశలోనూ ఫొటో తీసిన తరువాతే తదుపరి స్క్రూ మీద చేయి వేయాలని ఒక అనుభవజ్ఞుడు గట్టిగా చెప్పారు. ‘‘బెల్టు ఏ చక్రానికి ఎటువైపు నుంచి తిరిగిందో మీ జ్ఞాపకాన్ని నమ్ముకోకండి, ఫొటోను నమ్ముకోండి’’ అన్నారాయన. పాత బెల్టు కరిగిపోయి ఉంటే దాని దారి ఫ్లైవీల్ అంచున మిగిలిన నల్లటి మరకల వల్ల మాత్రమే తెలుస్తుంది కాబట్టి, తుడవకముందే ఫొటో తీయడం ఇంకా ముఖ్యం.

కరిగిన బెల్టు తారులా సాగుతూ వేలికి అంటితే ఒక పట్టాన వదలదు. చేతికి తొడుగులు వేసుకుని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లలతో ఫ్లైవీల్ అంచును, మోటారు పుల్లీ గాడిని పూర్తిగా శుభ్రం చేయాలి. పుల్లీ గాడిలో గింజంత జిగురు మిగిలినా కొత్త బెల్టు అక్కడ ఎత్తుపల్లాలు పడుతూ తిరుగుతుంది. అసిటోన్‌ను మాత్రం దగ్గరికి రానివ్వకూడదు, అది ఈ యంత్రాలలోని ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. ఫ్లైవీల్‌ను బయటికి లాగేటప్పుడు దాని ఇరుసు మీద ఉండే పలుచని నైలాన్ వాషర్ మీద కన్నేసి ఉంచాలి. అది పోతే ఫ్లైవీల్ పైకీ కిందికీ ఆడుతుంది, దాని స్థానంలో పెట్టడానికి సరైనది వెతకడం బెల్టు వెతకడం కంటే కష్టం.

ఇక బెల్టు నాణ్యత విషయానికి వస్తే, ఇదే అసలు పరీక్ష. ప్యాకెట్‌లోని బెల్టులను దీపం ముందు పట్టుకుని వేళ్ల మధ్య మెల్లగా నడిపిస్తే, కొన్నింటికి ఒకచోట అచ్చు అతుకు సన్నని గీతలా తగులుతుంది. కొన్నింటికి మందం ఒకవైపు కాస్త ఎక్కువగా ఉంటుంది. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ 2 మి.మీ. మందం గల క్యాప్‌స్టన్ (ఫ్లైవీల్‌తో పాటు తిరుగుతూ టేపును లాగే సన్నని ఇరుసు) టేపును సెకనుకు 4.76 సెం.మీ. చొప్పున లాగాలంటే ఫ్లైవీల్ సెకనుకు ఏడు చుట్లకు పైగా తిరగాలి. ఫ్లైవీల్ వ్యాసం 50 మి.మీ., బెల్టు చుట్టుకొలత 200 మి.మీ. అనుకుంటే, బెల్టు మీది అతుకు సెకనుకు దాదాపు ఆరుసార్లు మోటారు పుల్లీ మీదుగా పోతుంది. పియానో స్వరం, వేణువు ఆలాపన వంటి నిలకడైన నాదాలలో ఆ అదురు వణుకుగా వినిపిస్తుంది. మాటల్లోనూ, డ్రమ్ముల పాటల్లోనూ అంతగా తెలియదు. నేను వేణువు వాదన ఉన్న క్యాసెట్‌తో విన్నప్పుడు అతుకు ఉన్న బెల్టుకూ, నునుపైన దానికీ తేడా స్పష్టంగా వినిపించింది. ఒకే ప్యాకెట్‌లో ఒకే కొలతకు రెండు బెల్టులు ఉంటే నునుపైనదాన్ని ముఖ్యమైన బెల్టుగా వాడి, రెండోదాన్ని కౌంటర్‌కు గానీ, ప్రయోగాలకు గానీ ఉంచుకోవడం తెలివైన పని.

వేగం సరిచేయడం కూడా బెల్టు మార్చడంలో భాగమే. దీనికి 3150 హెర్ట్జ్ నాదాన్ని రికార్డు చేసిన పరీక్ష క్యాసెట్ వాడతారు. ఆ నాదాన్ని ఫోన్‌లోని ఫ్రీక్వెన్సీ కొలిచే యాప్‌కు వినిపించినప్పుడు 3087 అని చూపితే యంత్రం 2 శాతం నెమ్మదిగా నడుస్తోందని అర్థం. అర్ధస్వరం తేడా రావాలంటే దాదాపు 6 శాతం వేగం మారాలి కాబట్టి 2 శాతం పెద్దగా తెలియదని కొందరు అంటారు గానీ, పాటతో పాటు హార్మోనియం పట్టుకుని కూర్చునేవారికి అది తప్పకుండా తెలుస్తుంది. చాలా మోటార్ల వెనుక ఉండే చిన్న రంధ్రంలో వేగాన్ని మార్చే స్క్రూ ఉంటుంది. ప్లాస్టిక్ మొన ఉన్న స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. యంత్రాన్ని కాసేపు నడవనిచ్చి, బెల్టు కుదురుకున్న తరువాతే ఈ పని చేయాలని, తొలి పరీక్షలకు పోయినా బాధ లేని క్యాసెట్‌నే వాడాలని ఔత్సాహికులు హెచ్చరించారు. ఆ పరీక్ష క్యాసెట్‌ను ఒక పెద్దాయన నాకు వాడుకోవడానికి ఇచ్చి, తిరిగి ఇచ్చేటప్పుడు కొలత ఎంత వచ్చిందో అడిగి మరీ తెలుసుకున్నారు. ప్యాకెట్‌లో దొరకనిది ఇలాంటి సాయమే.

ఈ ప్యాకెట్ చేయలేని పనులు కూడా ఉన్నాయి. కొన్ని యంత్రాలలో ఫ్లైవీల్‌కు బల్లపరుపు బెల్టు ఉంటుంది. అక్కడ నలుచదరపు బెల్టు వేస్తే తిరిగినట్టే కనిపిస్తుంది గానీ వేగం నిలకడగా ఉండదు. అలాంటివారు ఆ నమూనా పేరుతో అమ్మే బెల్టునో, కొలత చెప్పి తెప్పించుకునే బెల్టునో కొనాలి. టేపును చుట్టుకునే రీలును తిప్పే చిన్న రబ్బరు చక్రం గట్టిపడి జారుతుంటే, కొత్త బెల్టు వేసినా యంత్రం టేపును నమిలేస్తూనే ఉంటుంది. ఆ చక్రపు రబ్బరు ఉంగరాలు ఈ సంచిలో లేవు. ఒకవైపు స్పీకర్ నుంచి శబ్దం రాకపోవడం, గరగరలాడటం వంటివి సాధారణంగా రికార్డు-ప్లే స్విచ్‌లో పేరుకున్న మురికి వల్ల వస్తాయి. దానికి కావలసింది కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే. దాన్ని స్విచ్ లోపలికి కొట్టి, మీటను పదేపదే ఆడించాలి. షార్ప్ జీఎఫ్-777 వంటి రెండు క్యాసెట్ గూళ్ల యంత్రాన్ని మొదటి ప్రయత్నానికి ఎంచుకుంటే బెల్టుల సంఖ్యా, విప్పే పనీ రెండూ పెరుగుతాయి కాబట్టి, కొత్తవారు ఒకే గూడు ఉన్నదానితో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

ఇన్ని పరిమితులున్నా, మొదటిసారి బెల్టు మార్చేవారికి ఈ ప్యాకెట్‌ను నేను సిఫారసు చేస్తాను. దగ్గరి కొలతలు మూడు నాలుగు చేతిలో ఉండటం వల్ల, ఏ బిగువులో యంత్రం ఎలా పలుకుతుందో వేసి, విని, తీసి నేర్చుకోవచ్చు. ఒకే బెల్టు తెప్పించుకున్నవారికి ఆ వీలు ఉండదు. అపురూపమైన యంత్రానికి మాత్రం చివరగా నాణ్యమైన బెల్టును వేయాలి. మిగిలినవాటిని సాగదీయకుండా, మడత పడకుండా, గాలి చొరని సంచిలో ఎండ తగలని చోట ఉంచి, ఒక్కోదాని చుట్టుకొలతనూ మందాన్నీ సంచి మీద రాసి పెట్టుకుంటే తరువాతి యంత్రానికి పనికొస్తాయి.