లినక్స్‌లో బౌల్డర్ డ్యాష్: రాక్స్ ఎన్ డైమండ్సా, జీడ్యాషా, ఎమ్యులేటరా? ఏది మేలు?

లినక్స్‌కో బీఎస్‌డీకో మారినవాళ్లు తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఇది: పాత బౌల్డర్ డ్యాష్ ఆడుకోవాలంటే ఏం వేసుకోవాలి? మట్టి తవ్వడం, వజ్రాలు ఏరడం, నెత్తిన రాయి పడకుండా గడువులోగా ద్వారం చేరడం. ఇదంతా తెలిసినవాళ్లే అడుగుతారు కాబట్టి ఆట గురించి మొదట్నుంచీ చెప్పక్కర్లేదు.

1984లో పీటర్ లీపా, క్రిస్ గ్రే దీన్ని అటారీ 8-బిట్ కంప్యూటర్ల కోసం తయారుచేశారు, ఫస్ట్ స్టార్ సాఫ్ట్‌వేర్ అమ్మింది. 2018లో హక్కులు బీబీజీ ఎంటర్‌టైన్‌మెంట్ చేతికి వెళ్లాయి. లినక్స్, బీఎస్‌డీ లాంటి యూనిక్స్ కుటుంబంలో ఈ పాత ఆట ఆడాలంటే ముఖ్యంగా దారులు రెండు. అదే పద్ధతిలో రాసిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో ఆడటం ఒకటి, అసలు ఆటనే ఎమ్యులేటర్‌లో, అంటే పాత కంప్యూటర్‌ని అనుకరించే ప్రోగ్రామ్‌లో, నడపడం ఇంకొకటి. మొదటి దారిలో లెక్కలోకి తీసుకోవాల్సినవి రెండున్నాయి: హోల్గర్ షెమెల్ 1995 నుంచి నిలబెట్టుకొస్తున్న రాక్స్ ఎన్ డైమండ్స్, జోల్తాన్ సిర్కోష్ రాసిన జీడ్యాష్.

చాలామంది బొమ్మల అందం, లెవెళ్ల సంఖ్య చూసి ఎంచుకుంటారు. లెవెళ్లే లెక్కయితే పోటీయే లేదు, రాక్స్‌ది సముద్రం. కానీ ఈ ఆటలో అసలు తేల్చేది అది కాదు. రాయి ఏ క్షణంలో కదులుతుంది, ఏ పక్కకి దొర్లుతుంది అన్నదే. రాయి తాళం (కదిలే లయ) తప్పితే పేరు, బొమ్మలు అవే ఉన్నా మీరు ఆడుతున్నది వేరే ఆట.

అసలు ఆటలో గుహ అంటే 40 అడ్డం, 22 నిలువు గడుల పట్టిక. ప్రతి టిక్కుకీ (ఆట గడియారం వేసే ఒక్కో అడుగుకీ) ప్రోగ్రామ్ పై వరస ఎడమ మూల నుంచి కింది వరస కుడి మూల దాకా ఒక్కో గడినీ చదువుకుంటూ పోతుంది. రాయి కింద ఖాళీ ఉంటే దాన్ని ఒక గడి దించుతుంది. హీరో రాక్‌ఫర్డ్ కూడా ఈ వరసలోనే, తన గడి వంతు వచ్చినప్పుడే కదులుతాడు. రాక్‌ఫర్డ్ నెత్తి మీద కదలకుండా ఉన్న రాయి ఏమీ చెయ్యదు, పడుతున్న రాయే చంపుతుంది. అతను కిందికి తవ్వుకుంటూ దిగితే రాయి వెనకే దిగుతుంది. ఆగకుండా దిగుతున్నంతసేపూ బతుకుతాడు. రాయి పడటం మొదలయ్యాక ఒక్క టిక్కు ఆగితే చావు. పక్కకి తప్పుకోవాలన్నా ఆ టిక్కులోనే తప్పుకోవాలి. కష్టమైన గుహలకి దారి కట్టేవాళ్లంతా ఈ ఒక్క టిక్కు మీదే లెక్క కడతారు.

రాక్స్ సొంత ఇంజన్‌ది వేరే పద్ధతి. సెకనుకి 50 ఫ్రేములు నడుస్తాయి, మామూలు వేగంలో మనిషి ఒక గడి దాటడానికి 8 ఫ్రేములు పడుతుంది. రాయి కూడా గడి నుంచి గడికి గెంతదు, జారుతూ వస్తుంది. కంటికి హాయిగా ఉంటుంది, కాదనలేం. కానీ బౌల్డర్ డ్యాష్ గుహని ఈ ఇంజన్‌లోకి మార్చినప్పుడు, అసలులో జుట్టు వాసిలో తప్పించుకునే చోట ఇక్కడ దొరికిపోవచ్చు, లేదా అసలులో చచ్చే చోట ఇక్కడ తీరిగ్గా నడిచిపోవచ్చు.

దీనికంటే చిన్నదిగా కనిపించి ఎక్కువ తిప్పలు పెట్టేది దొర్లే పక్క. గుండ్రటి రాయి మీద ఇంకో రాయి నిలబడి, రెండు పక్కలా ఖాళీ ఉందనుకోండి. అసలు ఆటలో అది ఎప్పుడూ ఎడమకే దొర్లుతుంది. రాక్స్‌లో రాళ్లు చాలా రకాలు. అందులో బౌల్డర్ డ్యాష్ రాయి అని విడిగా ఒకటుంది, అది ఎడమకే వెళ్తుంది. మామూలు రాయి మాత్రం ఏ పక్కకి వెళ్లాలో పాచిక వేసుకుంటుంది. ఎవరో ఓపికగా గుహని అచ్చంగా గీసి, రాయి మాత్రం మామూలుది పెడితే, ఆ లెవెల్ ఒకసారి తెరుచుకుంటుంది, ఒకసారి మూసుకుపోతుంది. ‘అదే దారిలో వెళ్లాను, నిన్న గెలిచాను, ఇవాళ రాయి అడ్డం పడింది’ అనే ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది ఇదే. లెవెల్ ఎడిటర్ తెరిచి, రాయి మీద గుర్తుపెట్టి, బౌల్డర్ డ్యాష్ వరసలోని రాయితో మార్చి సేవ్ చేస్తే సరిపోతుంది.

నియమాల్లో మాత్రం రాక్స్ పొరపాటు పడలేదు. గుహలో పాకుతూ పెరిగే అమీబా 200 గడులకి చేరితే రాళ్లవుతుంది, పెరగడానికి చోటు లేకుండా మూసేస్తే వజ్రాలవుతుంది. సీతాకోకచిలుక అనే శత్రువు మీద రాయి పడితే తొమ్మిది గడుల్లో వజ్రాలు పూస్తాయి. రూలు తప్పలేదు, తాళమే తప్పింది.

జీడ్యాష్ దీని కోసమే పుట్టింది. అది బౌల్డర్ డ్యాష్ తప్ప వేరే ఆట ఆడదు. గడుల వారీగా చదివే ఆ వరసనే పాటిస్తుంది. కొమడోర్ 64 అనే పాత హోమ్ కంప్యూటర్ మీద జనం తయారుచేసిన గుహల ఫార్మాట్లనీ చదువుతుంది. పాత టీవీ తెర గీతల్ని అనుకరించే ఏర్పాటు, రంగుల పాలెట్ మార్చుకునే వీలు కూడా ఉన్నాయి, అవి సరదా కోసం. అసలు విలువ గుహ ఫైల్లో ఉంది. బీడీసీఎఫ్ఎఫ్ అనే ఈ ఫార్మాట్ మామూలు టెక్స్ట్. వీఐ లాంటి టెక్స్ట్ ఎడిటర్‌తో తెరిచి చదవచ్చు, మార్చవచ్చు. మొదటి గుహ ‘ఏ’ సంగతే చూడండి: కావాల్సిన వజ్రాలు 12, ఒక్కోదానికి 10 పాయింట్లు, లెక్క నిండాక దొరికే ప్రతి వజ్రానికీ 15. గడువు ఐదు కష్టస్థాయిలకి వరసగా 150, 110, 70, 40, 30 సెకన్లు. ఈ ఐదు అంకెలూ ఒకే లైన్లో పడతాయి. రాక్స్ సొంత లెవెల్ ఫైల్లో గడువు ఒక్కటే. ఐదు స్థాయిలూ కావాలంటే అక్కడ ఐదు లెవెళ్లు చేసుకోవాలి.

మరి రాక్స్‌ని పక్కన పెట్టేయాలా? 4.4 వెర్షన్ ముందు వరకైతే, బౌల్డర్ డ్యాష్ వరకు అవుననే సమాధానం. ఆ వెర్షన్‌తో జీడ్యాష్ ఇంజన్‌నే తెచ్చి రాక్స్ లోపల పెట్టారు. దాంతో బౌల్డర్ డ్యాష్ (బీడీ) ఫైళ్లుగా ఉన్న గుహలు అసలు తాళంలోనే నడుస్తాయి. చిక్కల్లా, పాత మార్పిడి లెవెళ్లు ఇంకా వెబ్‌లో తిరుగుతూనే ఉన్నాయి. సెట్ పేరులో బౌల్డర్ డ్యాష్ అని ఉన్నంత మాత్రాన లోపల ఆ ఇంజన్ ఉందనుకోకూడదు. లెవెల్ ఎడిటర్‌లో గేమ్ ఇంజన్ ఏదని రాసి ఉందో చూడండి. అలాగే డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీల్లో ఇంకా 4.3 దగ్గరే ఆగిపోయినవి ఉండొచ్చు. వెర్షన్ చూడకుండా వేసుకుని ‘చెప్పిందొకటి, ఉన్నదొకటి’ అనుకోవద్దు.

సోర్స్ కోడ్ నుంచి ప్రోగ్రామ్‌ని కట్టుకోవడంలో (కంపైల్ చేయడంలో) రాక్స్‌దే పైచేయి. టార్‌బాల్ (సోర్స్ మూట కట్టిన ఫైల్) విప్పి, ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి మేక్ అని కొడితే చాలు, కాన్ఫిగర్ దశే లేదు. కావాల్సినవి బొమ్మలు, శబ్దాలు చూసుకునే ఎస్‌డీఎల్2, దాని ఇమేజ్, మిక్సర్, నెట్ లైబ్రరీలు, జెడ్‌లిబ్ (zlib). డెబియన్, ఉబుంటు వాళ్లు ఎక్కువగా బోల్తా పడేది నెట్ దగ్గరే. ఆట ఆడటానికి నెట్‌వర్క్ ఎందుకులే అని దాన్ని వదిలేస్తారు, కంపైలర్ వెంటనే హెడర్ దొరకలేదని ఆగిపోతుంది. పైగా ఉత్త లైబ్రరీ ఉంటే చాలదు, చివర డెవ్ అని ఉండే ప్యాకేజీ కావాలి. కట్టాక తయారైన బైనరీ ఒక్కదాన్నే తీసుకెళ్లి వేరే ఫోల్డర్‌లో పెడితే బొమ్మలు, శబ్దాలు, లెవెళ్లు కనపడవు. ఆ ఫోల్డర్లన్నీ దాని పక్కనే ఉండాలి. ఫ్రీబీఎస్‌డీలో దాని సాఫ్ట్‌వేర్ సేకరణ పోర్ట్స్‌లోనే ఉంది.

జీడ్యాష్‌కి కాన్ఫిగర్, మేక్ రెండూ పడాలి. కిటికీలు, మెనూలు గీసే జీటీకే లైబ్రరీ డెవలప్‌మెంట్ ప్యాకేజీలు లేకపోతే కాన్ఫిగర్ దగ్గరే ఆగిపోవచ్చు. ఇక్కడ ఒక తలనొప్పి తెలిసుండాలి. పాత టార్‌బాల్ తీసుకుంటే జీటీకే2 అడుగుతుంది. కొత్త డిస్ట్రిబ్యూషన్లు దాన్ని ఒక్కొక్కటిగా వదిలించుకుంటున్నాయి. వీలైనంత కొత్త సోర్స్ తీసుకోవడమే మందు.

ఇంకో తేడా కనపడే మేర. అసలు ఆటలో తెర మీద పడేది గుహలో ఒక ముక్కే, అడ్డంగా 20 గడులు. రాక్స్‌లో మామూలుగా 17 అడ్డం, 17 నిలువు. అంటే పైనుంచి ఏం పడుతోందో ముందే కనిపిస్తుంది, పక్కనుంచి వచ్చే మిణుగురు అనే శత్రువు మాత్రం కాస్త ఆలస్యంగా కనిపిస్తుంది. అలవాటైనవాళ్లకి మొదటి రోజు ఇది ఇబ్బందే. దాని అసలు కిటికీ 672 × 560 పిక్సెళ్లు కాబట్టి 4కే తెర మీద తపాలా బిళ్లలా ఉంటుంది. సెటప్‌లో గ్రాఫిక్స్ కింద విండో స్కేలింగ్ పెంచుకోవాలి.

టేపుల విషయంలో మాత్రం రాక్స్‌కి దండం పెట్టాలి. ఆడిన ప్రతి ఆటా టేపుగా రికార్డవుతుంది. పాచికల విత్తు (రాయి పాచికలు ఎలా పడాలో తేల్చే మొదటి అంకె), ఆడినప్పటి ఇంజన్ వెర్షన్ కూడా అందులోనే ఉంటాయి. ఇంజన్‌లో తర్వాత ఏం మార్చినా పాత టేపు పాత పద్ధతిలోనే తిరిగి నడవాలని కోడ్‌లో వెర్షన్ వారీగా పాత ప్రవర్తనంతా దాచి ఉంచారు. ఎఫ్1తో ఆట మధ్యలో సేవ్, ఎఫ్2తో అక్కడికే వెనక్కి. కష్టమైన మలుపు దగ్గర ఇరవై సార్లు చచ్చి నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి! జీడ్యాష్ కూడా రీప్లేలు ఉంచుతుంది, వాటిని గుహ ఫైల్లోనే రాస్తుంది. అందుకే రీప్లే ఉన్న గుహని ఎడిట్ చేస్తే ఆ రీప్లే పనికిరాకుండా పోతుంది. మార్చే ముందు ఫైల్ కాపీ ఒకటి తీసుకోండి.

ఎమ్యులేటర్ దారి పట్టాలనుకుంటే, కొమడోర్ 64ని అనుకరించే వైస్. తాళం విషయంలో దీని మీద వాదనే లేదు, అది అసలు ప్రోగ్రామే కదా. అయితే డెబియన్ ప్యాకేజీలో కొమడోర్ రోమ్‌లు (ఆ యంత్రం లోపలి ప్రోగ్రామ్‌ల ఫైళ్లు) ఉండవు. కెర్నల్, బేసిక్, అక్షరాల రోమ్ మూడూ మీరే తెచ్చుకోవాలి. ఫైల్ పేర్లు ఆ వెర్షన్ అడిగినట్టే ఉండాలి, లేకపోతే యంత్రం తెరుచుకోదు. ఆట మొదలై రాక్‌ఫర్డ్ కదలకపోతే సగం సందర్భాల్లో జాయ్‌స్టిక్ తప్పు పోర్టులో ఉన్నట్టే, 1, 2 మార్చి చూడండి. ఆట డిస్క్ చట్టబద్ధంగా మీ దగ్గర ఉండాలన్నది వేరే సంగతి. పాత ఆట కదా, ఎవరడుగుతారులే అనుకుంటే, హక్కుదారులు ఇంకా ఉన్నారు.

మిగతావి రెండు ముక్కల్లో. సూపాప్లెక్స్ ఇలాంటిదే, 1991 నాటి ఆట, 111 లెవెళ్లు. దానికి ఓపెన్‌సూపాప్లెక్స్ ఉంది, బాగుంది, కానీ రాక్స్‌లో దాని ఇంజన్ కూడా ఉంది కాబట్టి విడిగా అవసరం పడేది తక్కువ. ఎమరాల్డ్ మైన్ అనే ఇదే తరహా ఆట అభిమానులైతే వేరే ఆలోచన లేకుండా రాక్స్‌కే వెళ్లాలి. ఎపిఫనీ అనే క్లోన్ కూడా ఉంది, ఉంది అంతే.

నన్నడిగితే, అసలు పదహారు గుహలూ అసలు రుచితో కావాలంటే జీడ్యాష్. అది కట్టుకోవడంలో విసుగొస్తే 4.4 లేదా ఆ తర్వాతి రాక్స్‌లో బీడీ ఇంజన్. వారానికో కొత్త సెట్ కావాలనుకుంటే ఎలాగూ రాక్సే.

సెట్లు దింపుకునేటప్పుడు రెండు జాగ్రత్తలు. రాక్స్‌లో మీ సొంత లెవెళ్లు హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే రాక్స్‌ఎన్‌డైమండ్స్ ఫోల్డర్ లోపల, లెవెల్స్ అనే ఫోల్డర్‌లో ఉండాలి. ప్రతి సెట్‌కీ లెవెల్‌ఇన్ఫో అనే కాన్ఫ్ ఫైల్ ఉండాలి. జిప్ విప్పినప్పుడు ఫోల్డర్ లోపల ఇంకో ఫోల్డర్ వస్తే, లెవెల్‌ఇన్ఫో ఏ మెట్టులో ఉందో చూసి ఆ ఫోల్డర్‌నే అక్కడ పెట్టండి. విండోస్ మీద తయారైన సెట్లలో ఫైల్ పేరు పెద్దక్షరాల్లో ఉండి, కాన్ఫ్‌లో చిన్నక్షరాల్లో రాసి ఉండొచ్చు. అక్కడ నడుస్తుంది, యూనిక్స్ దాన్ని వేరే ఫైల్ అనుకుంటుంది, బొమ్మలకి బదులు మామూలువే కనిపిస్తాయి. పేరు మార్చేస్తే సరి. మ్యాక్ వాళ్లకైతే ఇంకోటి: కదలకుండా పక్క గడిని తవ్వే కీ కంట్రోల్ మీద ఉంటే, కంట్రోల్‌తో పాటు బాణం నొక్కగానే డెస్క్‌టాప్ మారిపోతుంది, తిరిగొచ్చేసరికి రాయి నెత్తిన ఉంటుంది. ఇన్‌పుట్ సెటప్‌లో ఆ కీని షిఫ్ట్‌కి మార్చుకున్నాకే ఆట మొదలుపెట్టండి.