బైనాక్యులర్‌కి ఏ కేస్ మేలు: మెత్తటి పౌచా, గట్టి కేసా, ఛాతీ ప్యాకా?

నా పాత 10×50 బైనాక్యులర్ ఒకసారి బస్సు సీటు మీంచి జారి కింద పడింది. దానితో పాటు వచ్చిన నైలాన్ పౌచ్‌లోనే ఉంది. గబగబా తీసి చూశాను. ఎక్కడా గీత లేదు, లెన్స్ పగల్లేదు. హమ్మయ్య అనుకున్నాను. మర్నాడు పొద్దున దూరంగా ఉన్న కరెంటు స్తంభం వైపు పెడితే ఒక స్తంభం రెండుగా కనిపించింది. కాసేపటికి కళ్లు సర్దుకుని రెండూ ఒకటయ్యాయి గానీ, పది నిమిషాల్లో తల పగిలిపోయేంత నొప్పి. లోపల వెలుతురుని మళ్లించే గాజు దిమ్మ, అంటే ప్రిజం, పక్కకి జరిగిందన్నమాట. ఆ పౌచ్ గీతలు పడకుండా కాపాడింది, దెబ్బ తగలకుండా కాపాడలేదు. ఈ రెండూ వేరువేరు పనులని నాకు అప్పటిదాకా తట్టలేదు.

బైనాక్యులర్ అంటే పక్కపక్కనే కట్టిన రెండు దూరదర్శినులు. రెండూ ఒకే చోటుకి చూడాలి. పోరో ప్రిజం రకంలో, అంటే ముందు గొట్టాలు వెడల్పుగా, కంటి దగ్గర దగ్గరగా ఉండే పాత ఆకారంలో, ప్రిజాలు చిన్న గట్టు మీద కూర్చుంటాయి. చాలా మోడళ్లలో వాటిని పట్టి ఉంచేది ఒక సన్నని రేకు క్లిప్పు. గట్టిగా ఒక్క కుదుపు వస్తే చాలు. నిటారు గొట్టాల రూఫ్ ప్రిజం రకం కొంచెం మొండిది, అలాగని దానికి దెబ్బ తగలదని కాదు. మన కళ్లు పక్కకి వచ్చే తేడాని ఎంతో కొంత సర్దుకుంటాయి. పైకీ కిందికీ వచ్చే తేడాని మాత్రం దాదాపు ఒప్పుకోవు. పరీక్ష తేలికే: దూరంగా ఉన్న పిట్టగోడ అంచునో, తీగనో చూస్తూ బైనాక్యులర్‌ని మెల్లగా కళ్ల నుంచి ఒక జానెడు వెనక్కి తీయండి. రెండు వలయాల్లోనూ ఆ గీత ఒకే ఎత్తులో ఉండాలి. ఒకదాంట్లో పైకి, ఇంకోదాంట్లో కిందికి కనిపిస్తే అది రిపేరుకి వెళ్లాల్సిందే.

అందుకే కేస్ కొనేముందు నేను వేసుకునే ప్రశ్న ఒకటే: నా బైనాక్యులర్‌కి దెబ్బ ఎక్కడ తగులుతుంది? ప్రయాణంలోనా, నడకలోనా, ఇంట్లో అలమరలోనా? మూడింటికీ సరిపోయే కేస్ ఇంతవరకు నాకు కనపడలేదు.

మెత్తటి పౌచ్ సంగతి త్వరగా తేల్చేయొచ్చు. పలచని నైలాన్ అయినా, కాస్త మందంగా ఉండే నియోప్రీన్ అయినా, అది దుమ్ముకీ గీతలకీ అడ్డు. జేబులో పట్టే 8×25 లాంటి చిన్నవి సుమారు 300 గ్రాములు ఉంటాయి, వాటికి ఇది చాలు. మరో బ్యాగులో బట్టల మధ్య పెట్టుకునేవాళ్లకీ చాలు. ఒక్క జాగ్రత్త: అడుగున ఇసుక చేరుతుంది. ఆ ఇసుకే లెన్స్‌కి ఉప్పుకాగితం అవుతుంది. నెలకోసారైనా పౌచ్‌ని లోపలి వైపు బయటికి తిప్పి దులపాలి.

నా ఓటు పడేది అచ్చు పోసిన ఈవీఏ కేస్‌కి. ఈవీఏ అనే ఫోమ్‌ని వేడిచేసి ఆకారంలోకి నొక్కి, పైన నైలాన్ గుడ్డ అంటించి చేస్తారు. పూర్తిగా గట్టిదీ కాదు, పూర్తిగా మెత్తదీ కాదు. బొటనవేలితో మూత మధ్యలో గట్టిగా నొక్కి చూడండి. లోపలికి కాస్త వంగి, వేలు తీయగానే మళ్లీ పైకి రావాలి. వేలు నేరుగా లోపలున్న గొట్టాన్ని తాకితే అది పేరుకే గట్టి కేస్. అడుగు భాగం ఇంకా ముఖ్యం. పైన బొద్దుగా మెత్త కుట్టి, కింద ఒంటి గుడ్డతో సరిపెట్టిన కేసులు చాలా చూశాను. పడేటప్పుడు బరువు ముందు ఆనేది అక్కడే.

కొలత దగ్గర చాలామంది పొరపడతారు. 8×42లో 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందని, 42 అంటే పెద్ద లెన్స్ వెడల్పు 42 మిల్లీమీటర్లని, అంతే; బైనాక్యులర్ కొలత అది చెప్పదు. అదే నంబరున్న రెండు మోడళ్ల పొడవులో వేలెడు తేడా ఉండొచ్చు. పైగా మనం కేస్‌లో పెట్టేది ఒట్టి బైనాక్యులర్‌ని కాదు. మందపాటి మెడపట్టీ, లెన్స్ మూతలు, పైకి తిప్పి ఉంచిన ఐకప్పులు (కంటికి ఆనే కప్పులు), అన్నీ కలిపి పెడతాం. మరీ బిగుతుగా ఉంటే మూత మూసిన ప్రతిసారీ ఐకప్పులు నలుగుతాయి, రెండు కళ్ల చూపులో తేడాని సరిచేసే డయాప్టర్ రింగ్ తిరిగిపోతుంది. తర్వాత ఫోకస్ ఎందుకు కుదరట్లేదా అని జుట్టు పీక్కోవాలి. వదులుగా ఉంటే ఇంకా చెడ్డ, లోపలే అటూ ఇటూ కొట్టుకుంటుంది. జిప్ లోపలి వైపు ఒక గుడ్డ అంచు ఉందో లేదో కూడా చూడండి. లేకపోతే తీసిన ప్రతిసారీ జిప్ పళ్లు రబ్బరు తొడుగుని గీరుతుంటాయి.

ఈవీఏ కేస్ లోటల్లా ఒకటే, తీయడం ఆలస్యం. జిప్ లాగి, మూత ఎత్తి, పట్టీ విప్పేసరికి కొమ్మ మీది లకుముకి పిట్ట ఉండదు. అప్పుడేం చేస్తాం? బైనాక్యులర్‌ని మెడలో వేసుకుని, ఖాళీ కేస్‌ని బ్యాగులో కుక్కుతాం. అంటే అసలు అవసరమైనప్పుడు దానికి ఏ రక్షణా లేదు.

ఛాతీ ప్యాక్ పుట్టిందే ఈ బాధకి. భుజాల మీదుగా వచ్చే పట్టీలు, ఛాతీ మీద ఒక పౌచ్, ఒంటి చేత్తో తెరుచుకునే మూత. సగటు 8×42 బరువు 650 నుంచి 800 గ్రాముల దాకా ఉంటుంది. అంత బరువు మెడ మీద రోజంతా వేలాడితే సాయంత్రానికి తెలుస్తుంది. భుజాల మీదికి మారితే హాయిగా ఉంటుంది. వంగినప్పుడు ముందుకి ఊగి రాయికి కొట్టుకోదు. మూత మాత్రం వెల్క్రోది తీసుకోకండి. నిశ్శబ్దంగా ఉన్న చోట ఆ చర్రుమనే చప్పుడుకి పిట్టే కాదు, పక్కన నిలబడ్డ మనిషి కూడా ఉలిక్కిపడతాడు. అయస్కాంతం మూత చప్పుడు చేయదు. అయితే పక్క జేబులో దిక్సూచి ఉంటే అది తప్పు దిక్కు చూపించొచ్చు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఛాతీ మీద అయస్కాంతం పెట్టుకోకూడదు, వాళ్లు బకిల్ రకం చూసుకోవాలి. ఎండలో ఛాతీ చెమటతో తడిసిపోవడం, మెట్లు దిగేటప్పుడు పాదాలు సరిగ్గా కనపడకపోవడం కూడా ఉన్నాయి. వాటికి అలవాటు పడిపోయాను.

ఇక రబ్బరు సీలున్న ప్లాస్టిక్ పెట్టె. ఐపీ 67 అని రాసుంటే దుమ్ము లోపలికి పోదు, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా నీరు చేరదు అని అర్థం. పడవలో తిరిగేవాళ్లకీ, విమానంలో సామాన్లతో పాటు పంపాల్సినవాళ్లకీ, ఆకాశం చూసే 15×70, 20×80 లాంటి పెద్దవాటికీ దీన్ని మించింది లేదు. మిగతావాళ్లకి ఇది ఎక్కువే. చాలాసార్లు పెట్టె బరువే బైనాక్యులర్ బరువుని దాటేస్తుంది. లోపల విలువైనదేదో ఉందని చూసినవాళ్లందరికీ చాటింపు వేస్తుంది కూడా. లోపలి చతురస్రాల ఫోమ్‌ని మన ఆకారానికి తగ్గట్టు తుంచుకునే పని సరదాగానే ఉంటుంది. అది పాలీయురేథేన్ ఫోమ్ అయితే ఏళ్లు గడిచాక జిగురుగా మారి పొడిపొడిగా రాలుతుంది. అప్పుడు మార్చేయాలి.

తడి విషయంలో ఈ పోలిక మొత్తం తలకిందులవుతుంది. దెబ్బకి ఎంత గట్టి కేస్ మంచిదో, తడికి అంత చెడ్డది. వానలో తడిసిన బైనాక్యులర్‌ని అలాగే సీలు పెట్టెలో మూసేస్తే ఆ తేమ ఎటూ పోలేక లోపలే ఉండిపోతుంది. గాలిలో తేమ 70 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటే లెన్స్ మీద బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. ముదిరితే లెన్స్ పైపూతని కూడా తినేస్తుంది, తుడిచినా ఆ మరక పోదు. నైట్రోజన్ నింపి సీలు చేసిన మోడళ్లకి లోపల ఈ భయం తక్కువ. పాత పోరో రకాలకి ఎక్కువ, ఎందుకంటే ఫోకస్ తిప్పినప్పుడల్లా కంటి గొట్టాలు ముందుకీ వెనక్కీ కదులుతూ బయటి గాలిని పంపులా లోపలికి లాగుతాయి.

తేమని పీల్చే సిలికా జెల్ పొట్లం వేశాంగా అంటారు. గుడ్డ పౌచ్‌లో అది వేసినా వేయనట్టే. గది గాలంతా దాంట్లోంచి పోతూ వస్తూ ఉంటుంది కాబట్టి పొట్లం త్వరగానే నిండిపోతుంది. అది నిజంగా పనిచేసేది సీలు పెట్టెలోనే. నారింజ రంగు పూసలు ఆకుపచ్చగా మారితే వాటి పని అయిపోయినట్టు. వేడిచేసి ఆరబెడితే మళ్లీ వాడుకోవచ్చు. తోలు కేస్ చూడముచ్చటగా ఉంటుంది, నాకూ ఒకటుంది. తోలు తేమని పీల్చి పట్టుకుంటుంది, బూజుకి తిండి కూడా అవుతుంది. అందుకని అది గోడకి ఖాళీగా వేలాడుతోంది.

ఒక్కటే కొనగలిగితే, బైనాక్యులర్ ఎక్కువగా బ్యాగుల్లో, బళ్లలో తిరిగేదైతే, ఈవీఏ కేస్. వారం వారం పిట్టల కోసం నడిచేవాళ్లయితే ముందు ఛాతీ ప్యాకే, ఇంట్లో పెట్టడానికి దాంతో వచ్చిన పౌచ్ చాలు. ఏది కొన్నా బైనాక్యులర్‌ని వెంట తీసుకెళ్లండి. పట్టీ, మూతలు అన్నీ ఉంచి లోపల పెట్టి మూసేయండి. కేస్‌ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపండి. లోపల ఏదైనా టక్కున తగిలిన చప్పుడు వినిపిస్తే పక్కన పెట్టేసి ఇంకోటి చూపించమనండి.