ఎస్‌ఎంఏ ఉన్న పెద్దవాళ్లకు ఊపిరి సాయం: ఆక్సిజనా, బైపాపా? అంబు బ్యాగా, కాఫ్ అసిస్టా?

2021లో కోవిడ్ రెండో వేవ్‌లో హడావిడిగా కొన్న ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు చాలా ఇళ్లలో ఇంకా మూలన పడున్నాయి. స్పైనల్ మస్క్యులర్ అట్రఫీ, అంటే ఎస్‌ఎంఏ (కండరాలను నడిపే నరాలు దెబ్బతిని కండరాలు నీరసించే జన్యు జబ్బు), ఉన్న మనిషి పొద్దున లేవగానే తలనొప్పి అన్నా, రాత్రంతా పడుకున్నా మత్తు వదల్లేదన్నా, చుట్టాల్లో ఎవరో ఒకరు ‘ఆ మెషిన్ ఉందిగా, పెట్టెయ్యండి’ అంటారు. పెట్టకండి.

ఎస్‌ఎంఏలో ఊపిరితిత్తులకు జబ్బు లేదు. జబ్బంతా వాటిని ఆడించే కండరాలది. పక్కటెముకల మధ్య కండరాలు ముందు నీరసిస్తాయి, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రం కండరం ఇంకా చాలాకాలం లాక్కొస్తుంది. కలలొచ్చే నిద్రలో ఆ పక్కటెముకల కండరాలు ఎవరికైనా సడలిపోతాయి కాబట్టి భారమంతా డయాఫ్రం మీదే పడుతుంది. అందుకే తేడా ముందు రాత్రిపూట మొదలవుతుంది. గాలి చాలినంత లోపలికి రాదు, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోదు. పొద్దుటి తలనొప్పికి చాలాసార్లు మూలం ఇదే.

ఇప్పుడు ఆక్సిజన్ పెడితే వేలికున్న ఆక్సీమీటర్ 97 చూపిస్తుంది, ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. లోపల కార్బన్ డయాక్సైడ్ మాత్రం పేరుకుంటూనే ఉంటుంది. మాస్క్ ద్వారా గాలి ఇచ్చే బైపాప్ మెషిన్ అయితే పీల్చేటప్పుడు ఎక్కువ ఒత్తిడితో గాలి తోసి, వదిలేటప్పుడు ఒత్తిడి తగ్గిస్తుంది. కండరం చేయలేని పనిని తను చేస్తుంది. న్యుమోనియా లాంటిది వస్తే ఆక్సిజన్ అవసరం పడొచ్చు, కానీ బైపాప్‌కు తోడుగా. క్యాజువాలిటీకి పరుగెత్తాల్సి వస్తే సొంత మెషిన్, మాస్క్ వెంట తీసుకెళ్లి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే బ్లడ్ గ్యాస్ పరీక్ష చూడమని గట్టిగా అడగండి.

చౌకగా వస్తుందని సీపాప్ వైపు పోవద్దు. అది గురక, స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లది. ఒకే ఒత్తిడి ఇస్తుంది, నీరసించిన ఛాతీ దానికి ఎదురొడ్డి ఊపిరి వదలాలి. బైపాప్‌లోనూ ఎస్‌టీ మోడ్ ఉన్నది తీసుకోవాలి. మనిషి ఊపిరి మెషిన్‌కు అందనంత బలహీనంగా ఉన్నప్పుడు అది తనంతట తానే గాలి ఇస్తుంది. మాస్క్ సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు: చేతులెత్తలేని మనిషికి ముక్కూ నోరూ మూసే మాస్క్ పెట్టి పడుకోబెడితే, వాంతి వచ్చినప్పుడు తీసేవాళ్లు ఉండాలి. వీలైతే ముక్కు మాస్కే మేలు.

ఎప్పుడు మొదలుపెట్టాలి? ఎఫ్‌వీసీ (నిండా పీల్చి గట్టిగా వదలగలిగే మొత్తం గాలి) ఉండాల్సిన దాంట్లో 50 శాతం లోపుకు వచ్చినా, రాత్రి కార్బన్ డయాక్సైడ్ పెరిగినట్టు తేలినా పల్మనాలజిస్టులు సాధారణంగా బైపాప్ మాట ఎత్తుతారు. నడవగలిగే టైప్ 3 వాళ్లలో చాలామందికి అంతదాకా రాదు. వెన్ను వంగి కుర్చీలో ఉండే టైప్ 2 వాళ్లు మాత్రం లక్షణాల కోసం ఎదురుచూడకుండా పరీక్ష చేయించుకోవాలి.

నన్నడిగితే దీనికన్నా ముందు చూడాల్సింది దగ్గు. ఎస్‌ఎంఏ వాళ్లను ఆస్పత్రి పాలు చేసేది ఎక్కువసార్లు మామూలు జలుబే. కఫం బయటికి రాదు. గాలి వేగాన్ని కొలిచే, కొన్ని వందల రూపాయల పీక్ ఫ్లో మీటర్‌లోకి గట్టిగా దగ్గించి చూడండి. నిమిషానికి 270 లీటర్ల లోపు ఉంటే జలుబు రోజుల్లో చిక్కే. 160 లోపు పడితే ఆ దగ్గు కఫాన్ని కదల్చలేదు.

దీనికి రెండు దారులు. చేత్తో నొక్కి గాలి పంపే సంచి, అంబు బ్యాగ్‌తో అయితే ఊపిరి వదలకుండా రెండు మూడు సార్లు గాలి నింపి, గొంతు బిగబట్టి, దగ్గే క్షణంలో పక్కనున్నవాళ్లు పొట్టను పైకి నొక్కుతారు. అన్నం తిన్న వెంటనే చేయకూడదు. కరెంటు అక్కర్లేదు, ఖర్చు కొన్ని వేలే. కాఫ్ అసిస్ట్ మెషిన్ గాలి నింపి, చటుక్కున వెనక్కి లాగుతుంది. ఒత్తిడిని తరచుగా ప్లస్ 40, మైనస్ 40 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దాకా పెడతారు. దానికి లక్షల్లో ఖర్చు. గొంతు కండరాలు బిగిసి పట్టలేనివాళ్లకు, వెన్ను బాగా వంగి పొట్ట నొక్కడానికి వీల్లేనివాళ్లకు బ్యాగ్ పెద్దగా పనికిరాదు, మెషిన్ కావాల్సిందే. మిగతావాళ్లు ఫిజియోథెరపిస్టు దగ్గర బ్యాగ్ నేర్చుకుని ఈ వారమే మొదలుపెట్టొచ్చు. మెషిన్ అద్దెకు దొరుకుతుందేమో ఈలోపు వాకబు చేయండి.

ఎస్‌ఎంఏ మందుల్లో నుసినెర్సెన్ వెన్నులోకి ఇచ్చే ఇంజెక్షన్, రిస్‌డిప్లామ్ రోజూ నోటితో తీసుకునేది. వెన్నుకు రాడ్లు వేయించుకున్నవాళ్లకు రెండోదే సులువు, దానికి హైదరాబాద్ కంపెనీ నాట్కో జనరిక్ కూడా 2025లో వచ్చింది. పెద్దవాళ్లలో మందు చేసే ముఖ్యమైన మేలు ఉన్న బలం జారిపోకుండా ఆపడం. అందుకని మందు మొదలైందని బైపాప్‌నూ అంబు బ్యాగ్‌నూ పక్కన పెట్టేయకండి, ఎఫ్‌వీసీ పరీక్షలూ మానకండి.